పళ్ళెం పెద్దదైతే చాలదు

కువైట్‌లో ఏ తెలుగు కుటుంబమైనా ఉద్యోగం ముగించుకుని స్వదేశానికి బయలుదేరితే, ఫ్రిజ్ ఒకరికి, సోఫా ఒకరికి, పిల్లల సైకిలు మరొకరికి పంచిపెట్టి వెళ్ళడం మనకు అలవాటే. ఆ పంపకాల్లో చిట్టచివర మిగిలేది మేడమీది డిష్. "తీసుకోండి, బాగా పనిచేస్తుంది" అని చెప్పి విమానం ఎక్కేస్తారు. తీసుకున్నవారు దాన్ని సాల్మియా నుంచి అబ్బాసియాకో, ఫర్వానియా నుంచి మంగాఫ్‌కో మోయించి, హారిస్‌ను బతిమాలి, మేడమీద బిగించి చూస్తారు. తెరమీద "సిగ్నల్ లేదు" అన్న మాట తప్ప మరేదీ కనిపించదు.

ఖర్చు అక్కడ మొదలవుతుంది. డిష్ చిన్నదైపోయింది, ఎనిమిదడుగులది వేయించండి అని ఒకరు సలహా ఇస్తారు. ఇంకా తక్కువ నంబరున్న ఎల్.ఎన్.బి. కొనండి అని ఇంకొకరు అంటారు. దుకాణంవాడు ఇద్దరి మాటా నిజమేనంటాడు. రెండూ కొన్నాక కూడా పది చానళ్ళు రావలసినచోట మూడు వస్తాయి, అవీ మధ్యాహ్నం ఎండకు ఆగిపోతాయి. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మా నాన్నా నాలుగు రోజులు చూసి, ఇక అడగడం మానేస్తారు.

ఈ ఉగాది సంచికలో డిష్ గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు పగటిపూట తోడు తెలుగు మాటే. ఆ మాట ఇంట్లోకి వచ్చే దారుల్లో ఇదొకటి. ఆ దారి దగ్గర మనం డబ్బు తగలేస్తున్నది తెలియక, తప్పుచోట. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డిష్ సైజుకూ, పెట్టె మీది కంపెనీ పేరుకూ ఇచ్చే శ్రద్ధలో సగం ఫీడ్‌కు ఇస్తే, ఉన్న డిష్‌తోనే చాలా ఇళ్ళలో పని జరుగుతుంది. ఆ పని ఎవరికి వారు కాక సంఘం తరఫున చేసుకుంటే ఇంకా చవకగా జరుగుతుంది.

ఫీడ్ అంటే ఏది?

డిష్ ఒక అద్దం వంటిది. ఆకాశం నుంచి వచ్చే తరంగాలను ఒకచోట పోగుచేయడంతో దాని పని సరి. పోగైనచోట వాటిని పట్టుకునే గరాటు వంటి గొట్టం ఫీడ్ హార్న్. దాని వెనక ఉండి, ఆ తరంగాన్ని పెంచి, కేబుల్‌లో ప్రయాణించగల తక్కువ ఫ్రీక్వెన్సీకి మార్చే పెట్టె ఎల్.ఎన్.బి. ఈ రెండూ ఒకే ముక్కగా వస్తే ఎల్.ఎన్.బి.ఎఫ్. అంటారు. ఈ వ్యాసంలో ఫీడ్ అన్నచోటల్లా ఈ మొత్తం సరంజామా అనుకోండి.

ఉపగ్రహం నుంచి టీవీ చూడటం తెలుగువాళ్ళకు 1990ల నాటి స్టార్ టీవీతో మొదలైంది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఇస్రో, నాసా కలిసి నడిపిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు చూశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ కార్యక్రమాల భాషల్లో తెలుగు ఒకటి. అక్కడ పెట్టిన డిష్‌లు కోళ్ళ గూటికి కొట్టే తీగవలతో చేసినవి, మూడు మీటర్ల వెడల్పువి. తీగవల డిష్ ఎలా పనిచేసింది? వాడిన తరంగం పొడవుకు ఆ వల కన్నాలు సరిపోయాయి. డిష్, ఫీడ్, సెట్టు మూడూ ఒకదానికొకటి కుదిరేలా ముందే లెక్కవేసి తయారుచేశారు. ఖరీదు కన్నా కుదురు ముఖ్యమని మనకు యాభై ఏళ్ళ క్రితమే తెలిసిన పాఠం ఇది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చి మనందరం మేడలెక్కడం మొదలుపెట్టాక ఆ పాఠాన్ని మరిచిపోయాం.

మొదట లోతు కొలవండి

ఫీడ్ కొనేముందు దుకాణానికి వెళ్ళకండి, మేడమీదికి వెళ్ళండి. టేపు, గట్టి దారం ఉంటే చాలు. డిష్ అంచు నుంచి అంచుకు దారం బిగించి కట్టి వెడల్పు కొలవండి. దారం నుంచి డిష్ నడిమధ్యకు లోతు కొలవండి. వెడల్పును వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని పదహారు లోతులతో భాగిస్తే ఫీడ్ ఎంత ఎత్తున ఉండాలో తెలుస్తుంది. ఫీడ్ నడిమధ్యన నిలబడే గుండ్రని డిష్‌కు ఈ లెక్క.

ఉదాహరణకు డిష్ వెడల్పు 180 సెం.మీ., లోతు 30 సెం.మీ. అనుకుందాం. 180ని 180తో గుణిస్తే 32,400. పదహారు ముప్పైలు 480. భాగిస్తే 67.5 సెం.మీ. ఫీడ్ మూతి డిష్ మధ్య నుంచి ఇంచుమించు అంత దూరంలో ఉండాలి. ఆ దూరాన్ని వెడల్పుతో భాగిస్తే 0.375 వస్తుంది. ఈ అంకెను ఎఫ్ బై డి అంటారు. సి-బ్యాండు ఫీడ్ చుట్టూ ఉండే వలయాల పళ్ళేన్ని ముందుకూ వెనక్కూ జరపవచ్చు. చాలా ఫీడ్‌ల మీద ఈ అంకెలే గీతలుగా ఉంటాయి. మీ అంకె దగ్గరికి జరిపి బిగించడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అది చేయకపోవడం వల్ల పోయేదెంతో చూడండి.

ఫీడ్‌ను ఒక టార్చిలైటు అనుకుని డిష్ వైపు తిప్పి వెలిగించినట్టు ఊహించుకోండి. వెలుగు డిష్ అంచుల దాకా పరుచుకోవాలి, అంచు దాటి బయటికి పోకూడదు. లోతు ఎక్కువున్న డిష్‌కు విశాలంగా పరిచే ఫీడ్ కావాలి. లోతు తక్కువున్నదానికి ఇరుకు వెలుగు చాలు. అరబ్‌శాట్, నైల్‌శాట్ కోసం ప్రతి మేడమీదా కనిపించే ఓరగా తిరిగిన కోడిగుడ్డు ఆకారపు డిష్‌లకు ఇరుకు ఫీడ్ తగినది. దాన్ని తెచ్చి లోతైన ఆరడుగుల డిష్‌కు తగిలిస్తే నడుమ భాగం మాత్రమే పనిచేస్తుంది. 180 సెం.మీ. డిష్‌లో 120 సెం.మీ. మేరకే వెలుగు పడిందనుకుంటే, పనిచేసేది సగం కన్నా తక్కువ వైశాల్యం. ఆరడుగుల డిష్ కొని నాలుగడుగుల డిష్ వాడుతున్నట్టే. వెలుగు అంచు దాటితే ఇంకో నష్టం. వేడెక్కిన మేడ నేల నుంచి వచ్చే రొదంతా ఫీడ్‌లోకి దూరుతుంది.

ఫీడ్ పట్టుకునే మూడు కాళ్ళనూ దారంతో సరిచూడండి. రవాణాలో ఒక కాలు కాస్త వంగినా ఫీడ్ పక్కకు ఒరుగుతుంది. ఇళ్ళు మారిన డిష్‌లలో ఈ జబ్బు చాలా మామూలు.

తరంగం ఏ దిశలో ఊగుతోంది?

రెండో ప్రశ్న పోలరైజేషన్. కొన్ని ఉపగ్రహాల తరంగం నిలువుగానో అడ్డంగానో ఊగుతుంది. కొన్నిటిది మరలా కుడికో ఎడమకో సుడి తిరుగుతుంది. సుడి తిరిగేదాన్ని మామూలు ఫీడ్‌తో పట్టాలంటే లోపల సరైన కోణంలో ఒక టెఫ్లాన్ పలక పెట్టాలి. లేకపోతే సగం బలం అక్కడే పోతుంది. అదే పలక నిలువు, అడ్డం తరంగాలకు అడ్డొస్తుంది. అందుకే పాత ఫీడ్ లోపల ఏముందో మూత తీసి చూడకుండా వాడకండి.

66 డిగ్రీల తూర్పున ఉన్న ఇంటెల్‌శాట్-17, 68.5 డిగ్రీల తూర్పున ఉన్న ఇంటెల్‌శాట్-20 ఎన్నో ఏళ్ళు భారతీయ చానళ్ళను మోసిన ఉపగ్రహాలు. వీటి సి-బ్యాండు తరంగాలు నిలువు, అడ్డం రకం. కువైట్ నుంచి 66 డిగ్రీల ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మనం దానికి సరిగ్గా ఉత్తరాన లేము కాబట్టి దాని "నిలువు" మనకు నిలువుగా రాదు. సుమారు 29 డిగ్రీలు ఒరిగి వస్తుంది. ఫీడ్‌ను గడియారంలో పన్నెండుకు నిటారుగా బిగించి వదిలేస్తే, ఒక దిశ చానళ్ళలోకి రెండో దిశవి చొరబడతాయి. ఆ మేరకు తిప్పి, అక్కణ్ణుంచి అటూ ఇటూ మెల్లగా కదుపుతూ రిసీవర్‌లో చూసుకోవాలి. రిసీవర్‌లో రెండు పట్టీలు కనిపిస్తాయి, ఒకటి బలం, ఒకటి నాణ్యత. చూడవలసింది నాణ్యత పట్టీని. బలం పట్టీ ఉత్త రొదకు కూడా నిండుతుంది.

5జి అనే పొరుగువాడు

మూడో ప్రశ్న పదేళ్ళ క్రితం లేదు. సి-బ్యాండు ఉపగ్రహ ప్రసారాలు ప్రధానంగా 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ మధ్య వస్తాయి. పాత ఎల్.ఎన్.బి.లు చాలావరకు 3.4 నుంచే చెవులు తెరుచుకుని ఉంటాయి. కువైట్‌లో 2019లో మొదలైన 5జి సేవలు 3.5 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని వాడతాయి. ఉపగ్రహం ఉన్నది ముప్పైఆరు వేల కిలోమీటర్ల దూరంలో, 5జి టవరు ఉన్నది పక్కవీధిలో. చెవి దగ్గర డప్పు కొడుతుంటే ఊరవతలి పాట వినబడుతుందా? చానల్ ఫ్రీక్వెన్సీ వేరైనా సరే, ఆ డప్పుకు ఎల్.ఎన్.బి. మొత్తంగా మొద్దుబారుతుంది. నిరుడు వచ్చిన చానళ్ళన్నీ ఒక్కరోజులో పోయాయంటే డిష్‌ను నిందించకముందు పక్క భవనం మీదికి చూడండి.

దీనికి మందు ఫిల్టరు. విడి ఫీడ్ హార్న్, విడి ఎల్.ఎన్.బి. ఉన్నవారు రెంటి మధ్యా ఫిల్టరు బిగించుకోవచ్చు. ఒకే ముక్కగా వచ్చే ఎల్.ఎన్.బి.ఎఫ్.లో బయట నుంచి పెట్టడానికి చోటుండదు, లోపలే ఫిల్టరు ఉన్నదాన్ని కొనాలి. దాని పెట్టె మీద 3.7 నుంచి 4.2 అనో, 3.8 నుంచి 4.2 అనో ఉంటుంది. మీకు కావలసిన చానల్ 3.72 దగ్గర ఉంటే 3.8 ఫిల్టరు దాన్ని కూడా కోసేస్తుంది. కాబట్టి చానల్ ఏ ఉపగ్రహంలో, ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ దిశలో ఉందో కాగితం మీద రాసుకున్నాకే దుకాణం గడప తొక్కాలి. చానళ్ళు ఉపగ్రహాలు మారుతుంటాయి, నిరుటి కాగితం పనికిరాదు.

స్టిక్కరు మీది అంకె

ఎల్.ఎన్.బి. మీద 20 కె., 17 కె., 15 కె. అని పెద్దక్షరాలతో రాస్తారు. పరికరం తనంతట తాను పుట్టించే రొదకు అది కొలత. తక్కువైతే మంచిదన్నది నిజమే. అయితే డిష్, నేల, ఆకాశం కలిసి ఇచ్చే రొద అందులో లేదు. అది ఒక 40 అనుకుంటే 20 కె. పరికరంతో మొత్తం 60, 17 కె.తో 57. తేడా ఇరవయ్యో వంతు. వలయాన్ని సరైన గీత దగ్గరికి జరిపితే కలిగే లాభం ముందు ఇది లెక్కలోకి రాదు. పైగా ఆ అంకెను కొలిచేది మామూలు గది వేడిలో. మన దేశంలోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి ఎండలో ఇనుప మేడమీద నిలబడ్డ పరికరానికి పెట్టెమీది అంకె వర్తించదు. 15 కె. కోసం ఎక్కువ డబ్బు పెట్టే బదులు, ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది, మూత గట్టిగా ఉండేది, కేబుల్ తగిలించేచోట రబ్బరు తొడుగు ఉన్నది కొనండి. మన దుమ్ము తుఫానులకు ముందు పాడయ్యేవి అవే.

పాతరోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మమీద చుక్కలు పడేవి, అయినా చూసేవాళ్ళం. ఇప్పటి డిజిటల్ ప్రసారం వస్తే నిండుగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. ఆ గీతకు కాస్త పైన నిలబడటానికే ఈ కొలతలన్నీ. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. మార్చి మొదట్లో, అక్టోబరు మొదట్లో కొన్నిరోజులు మధ్యాహ్నానికి ముందు సూర్యుడు ఉపగ్రహం వెనకకు వస్తాడు. కొన్ని నిమిషాలు ప్రసారం పోతుంది. అప్పుడు ఏదీ కదపకండి. ఆ నిమిషాల్లో ఫీడ్ నీడ గుండ్రని డిష్ నడిమధ్య పడుతోందేమో చూడండి. పడితే మీ డిష్ సరిగ్గా తిరిగినట్టే. ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

ఒక డిష్, రెండు ఫీడ్‌లు

"66, 68.5 రెండూ ఒకే డిష్‌లో పట్టేయవచ్చు, రెండు ఫీడ్‌లు పెడతాం" అన్నమాట తరచు వినిపిస్తుంది. పైన చెప్పిన ఆరడుగుల డిష్‌లో ఆ రెండు ఉపగ్రహాల బొమ్మలు మూడు సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో పడతాయి. సి-బ్యాండు ఫీడ్ గొట్టమొక్కటే ఐదు సెంటీమీటర్లకు మించి వెడల్పు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. పదిహేను డిగ్రీల ఎడమున్న ఉపగ్రహాలకైతే పక్క ఫీడ్ పెట్టవచ్చు, పక్కన ఉన్నదానికి కొంత నష్టం తప్పదు. సి, కెయు రెండూ కలిపి చేసిన ఫీడ్‌లు కూడా రాజీ సరుకే. రెండూ ఒకేసారి సరైన బిందువు దగ్గర నిలబడలేవు.

డిష్ అందరికీ కావాలా?

అక్కర్లేదు. ఇంట్లో మంచి ఇంటర్నెట్ ఉండి, చానల్‌వాళ్ళ అధికారిక సేవ ఇక్కడ దొరుకుతుంటే అదే సుఖం. చాలా తెలుగు చానళ్ళు తాళం వేసినవి. ఎంత మంచి ఫీడ్ పెట్టినా తాళం తీయదు. ఈ సంగతి ముందే చెప్పని దుకాణం దగ్గర ఏమీ కొనవద్దు. "అన్ని చానళ్ళూ ఉచితం" అని అమ్మే పెట్టెల మాట కూడా మొహమాటం లేకుండా చెబుతున్నాను. అది దొంగసరుకు. ఒక ఉదయం ఆగిపోతే అడిగేందుకు ఎవరూ ఉండరు. నెలజీతంలో ఎక్కువభాగం ఇంటికి పంపుకుంటూ ఒక గదిలో ఆరుగురు ఉండే మన కుర్రవాళ్ళు వీటికి ఎక్కువగా మోసపోతున్నారు. వాళ్ళ గదికి కావలసింది ఉచితంగా వచ్చే చానళ్ళకు సరిపడే ఒక పాత డిష్, దానికి కుదిరే ఫీడ్. ఆ పాత డిష్‌లు మన దగ్గరే ఉన్నాయి.

సంఘానికి ఒక మనవి

మనం ఏటా స్టేజీకి, సౌండుకు ఖర్చుపెడుతున్నాం, మంచిదే. ఆ ఖర్చులో చిన్న ముక్కతో సంఘం ఒక పెట్టె కొనిపెట్టాలి. అందులో టేపు, దారం, దిక్సూచి, కోణం చూసే పరికరం, చిన్న సిగ్నల్ మీటరు, బాగా పనిచేస్తుందని తెలిసిన ఒక ఫిల్టరు ఫీడ్ ఉండాలి. ఎవరి డిష్ మూగబోయినా ఈ తెలిసిన ఫీడ్ తగిలించి చూస్తే, జబ్బు డిష్‌దో ఫీడ్‌దో గంటలో తేలుతుంది. కొత్తది కొనాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట. మన సభ్యుల్లో ఇంజనీర్లకు, ఎలక్ట్రీషియన్లకు కొదవలేదు. శుక్రవారం పొద్దున్న ఇద్దరు వస్తే చాలు. మేడమీదికి మాత్రం ఒంటరిగా ఎవరూ ఎక్కవద్దు, గాలి రోజున అసలు ఎక్కవద్దు. భవనం యజమాని అనుమతి లేకుండా బిగించవద్దు.

రెండో పని మన చేతుల్లోనే ఉంది. ప్రతి డిష్ వెనకా ఒక చీటీ అతికించండి. డిష్ వెడల్పు, లోతు, ఫీడ్ దూరం, ఉపగ్రహం, ఎల్.ఎన్.బి. రకం, లోపల పలక ఉందా లేదా, బిగించిన తేదీ, ఇన్నే రాయండి. పైన ప్లాస్టిక్ టేపు వేస్తే ఎండకు కొంతకాలం నిలుస్తుంది. మనలో ఎవరమూ ఇక్కడ శాశ్వతం కాము. సామాను పంచే రోజు అందరికీ వస్తుంది. ఆ రోజు డిష్‌తోపాటు ఆ చీటీ కూడా వెళితే, తీసుకున్న ఇంట్లోని పెద్దవాళ్ళు ఆ సాయంత్రమే తెలుగు వింటారు.